ఒకే క్వేజార్‌కి రెండు జవాబులు: జే1148 నుంచి వాయువు నిజంగా బయటికి పోతోందా?

సంధ్యాతార

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం నా సెమినార్. విశ్వం వయసు వంద కోట్ల ఏళ్లు నిండకముందే వెలిగిన క్వేజార్లు, వాటి గెలాక్సీల్లోంచి బయటికి దూసుకుపోయే వాయువు గురించి మాట్లాడాలి.

నాకు అర్థమైంది ఇది. గెలాక్సీ నడిమధ్యలో కోట్ల సూర్యుళ్ల బరువున్న బ్లాక్‌హోల్ ఉంటుంది. దానిలోకి పడబోయే వాయువు చుట్టూ తిరుగుతూ విపరీతంగా వేడెక్కి వెలుగుతుంది. అదే క్వేజార్. ఆ వెలుగు, అక్కడ పుట్టే గాలి కలిసి గెలాక్సీలోని మిగతా వాయువుని బయటికి నెట్టేస్తాయి. కొత్త నక్షత్రాలు పుట్టడానికి ముడిసరుకు మిగలదు.

నేను ఆగిపోయింది జే1148+5251 అనే క్వేజార్ దగ్గర. రెడ్‌షిఫ్ట్ (విశ్వం సాగడం వల్ల వెలుగు తరంగాలు ఎంత సాగాయో చెప్పే అంకె; ఎంత పెద్దదైతే అంత దూరం, అంత పాత కాలం) 6.42. రాబర్టో మయొలీనో బృందం 2012లో కార్బన్ ఇచ్చే ఒక వర్ణపట గీతని చూసి, ఇందులోంచి ఏడాదికి 3,500 సూర్యుళ్ల బరువుకి పైగా వాయువు బయటికి పోతోందని రాసింది. 2015లో క్లాడియా చికోనే బృందం ఆ వాయువు 30 కిలోపార్సెక్‌ల (ఒక కిలోపార్సెక్ అంటే దాదాపు 3,260 కాంతి సంవత్సరాలు) దాకా వెళ్లిందనీ, వేగం సెకనుకి 1,400 కిలోమీటర్ల వరకు ఉందనీ చెప్పింది. తీరా 2022లో రొమెయిన్ మేయర్ బృందం కొత్త డేటా తీసుకుని చూస్తే ఆ సంకేతం అవసరమే కనబడలేదు.

వస్తువు ఒక్కటే, గీత ఒక్కటే. పదేళ్లలో ఒక గెలాక్సీ మారిపోదు కదా! మా గైడ్‌ని అడిగితే రెండు పేపర్లూ చెప్పెయ్ అన్నారు. చెప్పేస్తాను సరే, ఎవరో ఒకరు లేచి "మరి ఏది నిజం?" అంటే ఏం చెప్పాలి? ఆ టెన్షన్‌తో స్లయిడ్లు ముందుకు కదలడం లేదు. ఈ రంగంలో పని చేసేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

ధ్రువం

సంధ్యాతార గారూ, కంగారు పడకండి. వాయువు బయటికి పోవడం అనే ఆలోచన ఈ ఒక్క క్వేజార్ మీద ఆధారపడి లేదు. బ్లాక్‌హోల్ ఒక హద్దు దాటి పెరిగితే తన చుట్టూ ఉన్న వాయువుని ఊడ్చి పారేయగలదని 1998లో జోసెఫ్ సిల్క్, మార్టిన్ రీస్ లెక్క కట్టి చూపించారు. బ్లాక్‌హోల్ బరువుకీ, గెలాక్సీ మధ్యభాగంలో నక్షత్రాలు తిరిగే వేగాలకీ గట్టి సంబంధం ఉందని 2000లో తేలింది. అంత చిన్న వస్తువు అంత పెద్ద గెలాక్సీతో ఎలా ముడిపడింది అన్న ప్రశ్నకి ఈ ప్రవాహాలు ఒక జవాబు.

దగ్గర్లో చక్కటి ఉదాహరణ మార్కేరియన్ 231 అనే గెలాక్సీ. 2010లో కార్బన్ మోనాక్సైడ్ గీతకి రెండు పక్కలా వెడల్పాటి రెక్కలు, అంటే గీత అంచుల్లో పల్చగా పరుచుకున్న వెలుగు, కనిపించాయి. ఏడాదికి సుమారు 700 సూర్యుళ్ల వాయువు అని లెక్క. అదే ఏడాది హెర్షెల్ టెలిస్కోప్ ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన అణువు) గీతల్లో కూడా దాన్ని పట్టుకుంది.

శక్తి చాలుతుందా అనేవాళ్ల కోసం ఒక లెక్క. ఏడాదికి 1,000 సూర్యుళ్ల వాయువు సెకనుకి 1,000 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తికి దాదాపు 3 × 10^37 వాట్లు కావాలి. పెద్ద క్వేజార్ ఇచ్చే వెలుగు 10^40 వాట్లు. వెయ్యిలో మూడు వంతులు చాలు. కాబట్టి భౌతికశాస్త్రం అడ్డం పడదు.

కార్బన్‌గీత

ధ్రువం గారు చెప్పినదాంట్లో తప్పు లేదు. అయితే సంధ్యాతార గారు అడుగుతున్నది అలా జరగడం సాధ్యమా అని కాదు, ఈ గెలాక్సీలో అది జరుగుతుండగా చూశామా లేదా అని. రెండూ వేరు. నేను మిల్లీమీటర్ ఇంటర్‌ఫెరోమీటర్ (చాలా యాంటెన్నాలని కలిపి ఒకే టెలిస్కోప్‌లా వాడే పరికరం) డేటా మీద పని చేస్తాను. మీరు అడిగిన ఈ గీతతోనే నా రోజు గడుస్తుంది. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కార్బన్ పరమాణువు 158 మైక్రాన్ల దగ్గర వెలుగునిస్తుంది. నక్షత్రాల మధ్య వాయువు తన వేడిని వదిలించుకునే ముఖ్యమైన దారుల్లో ఇదొకటి. అందుకే ఇంత దూరం నుంచి కూడా బాగా కనిపిస్తుంది. దాని అసలు ఫ్రీక్వెన్సీ 1,900.5 గిగాహెర్ట్జ్. భూమి మీద నుంచి అక్కడ చూడటానికి వాతావరణంలోని నీటి ఆవిరి అడ్డు. కానీ రెడ్‌షిఫ్ట్ 6.42 అయితే దాన్ని 7.42తో భాగించాలి, అప్పుడు 256 గిగాహెర్ట్జ్ వస్తుంది. ఆ కిటికీ నేల మీది టెలిస్కోప్‌లకి తెరిచే ఉంటుంది. దగ్గరి గెలాక్సీల కంటే దూరపు గెలాక్సీల్లో ఈ గీతని చూడటం తేలిక కావడానికి కారణం ఇదే.

గెలాక్సీలో వాయువు తిరుగుతూ ఉంటుంది. కొంత మన వైపు వస్తూ, కొంత మన నుంచి దూరంగా పోతూ ఉంటుంది కాబట్టి గీత ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర కాక అటూ ఇటూ పరుచుకుని గుట్టలా కనబడుతుంది. ఆ వెడల్పుని వేగంగా చెబుతాం, సెకనుకి కొన్ని వందల కిలోమీటర్లు అని (ఇకపై గీత వెడల్పులో కిలోమీటర్లు అంటే సెకనుకి అనే). ఆ గుట్ట అడుగున రెండు పక్కలా చాలా పల్చగా, చాలా దూరం పరుచుకున్న వెలుగు ఇంకా మిగిలితే వాటినే రెక్కలు అంటాం. ఊరికే తిరగడం వల్ల అంత వేగాలు రావు గనక అది బయటికి పోతున్న వాయువు అని అర్థం చెప్పుకుంటాం.

ఇప్పుడు చూడండి. ఆ గుట్ట ఖాళీ చోట లేదు. దాని కింద ధూళి నుంచి వచ్చే వెలుగు ఉంది, దాన్నే కంటిన్యూమ్ అంటాం. అది అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పరుచుకుని ఉంటుంది. ముందు దాని ఎత్తు ఎంతో తేల్చి తీసెయ్యాలి, మిగిలిందే గీత. ఎత్తు తేల్చాలంటే గీత ఛాయ కూడా లేని చానెళ్లు, అంటే సన్నటి ఫ్రీక్వెన్సీ ముక్కలు, కావాలి. నేల మట్టం ఎక్కడో తెలియకుండా గోడ ఎత్తు కొలవలేం కదా, ఇదీ అంతే.

2012 నాటికి ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో ఉన్న ప్లాటో ద బ్యూర్ ఇంటర్‌ఫెరోమీటర్ కోరిలేటర్ (యాంటెన్నాల సంకేతాలని కలిపే యంత్రం) ఒకేసారి చూడగలిగే ఫ్రీక్వెన్సీ పట్టీ 3.6 గిగాహెర్ట్జ్. 256 దగ్గర ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి సుమారు 1,170 కిలోమీటర్లు. మొత్తం పట్టీ 4,200 కిలోమీటర్లు. రెక్కలు అటు 1,400, ఇటు 1,400 దాకా ఉన్నాయనుకుంటే 2,800 అక్కడే పోయింది. నేల మట్టం చూసుకోవడానికి అటూ ఇటూ చెరో 700 మిగిలింది. ఆ చివర్లలోనే నాయిస్ కూడా ఉంటుంది. అక్కడ ధూళి వెలుగుని పిసరంత తక్కువగా అంచనా వేస్తే చాలు, తేడా మొత్తం గీత అడుగున పల్చటి పొరలా మిగులుతుంది. చూడటానికి అచ్చం రెక్కల్లాగే ఉంటుంది. పిసరంత ఎక్కువ అంచనా వేస్తే, నిజంగా ఉన్న రెక్కలు కూడా మాయమవుతాయి. ఈ రెండో సంగతి చాలామంది మరిచిపోతారు.

అదే చోటు తర్వాత నోయెమాగా మారింది. యాంటెన్నాలు పెరిగాయి, కొత్త కోరిలేటర్ వచ్చింది. ఇప్పుడు ఒక్కో సైడ్‌బ్యాండ్ (ఒకేసారి చూసే రెండు పట్టీల్లో ఒకటి) 7.7 గిగాహెర్ట్జ్, రెండూ కలిపితే 15కి పైనే. మేయర్ బృందం ఆ వెడల్పు వాడుకుని ధూళి మట్టాన్ని గట్టిగా కట్టారు. కట్టాక, గీతని వర్ణించడానికి వెడల్పాటి రెక్కలు గణాంకపరంగా అవసరం లేదని తేలింది.

ఆ వాక్యాన్ని మీ సెమినార్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ప్రవాహం లేదని వాళ్లు నిరూపించలేదు. ఇంతకుముందు చూపించిన సాక్ష్యం కొత్త డేటాలో నిలబడలేదు, అంతే. పైగా కార్బన్ వెలుగు ఆ క్వేజార్ చుట్టూ దాదాపు 10 కిలోపార్సెక్‌ల దాకా పరుచుకుని ఉందని వాళ్లే చూపించారు. ఆ కాలపు క్వేజార్లలో అంత పెద్దగా పరుచుకున్నది మరొకటి తెలియదని కూడా రాశారు. ఒక దిశలో ధూళి కంటే కార్బన్ వెలుగు ఎక్కువ ఉంది. అంటే అక్కడ ఏదో విశేషం ఉంది. అది రెక్కల రూపంలో లేదు.

2012 వాళ్లని తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. చేతిలో ఉన్న పరికరంతో చూడగలిగినంత చూశారు. ఎక్కడ వెతకాలో మిగతా ప్రపంచానికి చూపించింది వాళ్లే. ఆ పేపర్ లేకపోతే ఆ తర్వాత ఇంతమంది ఇన్ని గంటలు ఈ రెక్కల కోసం వెచ్చించేవారు కాదు.

సంధ్యాతార

కార్బన్‌గీత గారూ, చాలా చాలా థ్యాంక్స్. ఆ 4,200 కిలోమీటర్ల లెక్క నేనే వేసుకుని చూశాను, సరిగ్గా వచ్చింది. ఇన్నాళ్లూ పేపర్‌లో ఉన్న బొమ్మే చూశాను తప్ప పట్టీ చివరలు ఎక్కడున్నాయో చూడలేదు.

ఇంకో రెండు అడగనా? ఒక్క క్వేజార్‌ని కాకుండా చాలా క్వేజార్లని కలిపేస్తే నాయిస్ తగ్గుతుంది కదా. అలా చేసినవాళ్లు ఉన్నారా? రెండోది, ఈ 3,500 లాంటి అంకెలు ఎలా వస్తాయి? గీత వెడల్పు కనిపిస్తుంది సరే, అక్కడి నుంచి ఏడాదికి ఇన్ని సూర్యుళ్లు అని ఎలా వెళ్తారు?

కార్బన్‌గీత

కలిపినవాళ్లు ఉన్నారు, అక్కడా ఇదే పేచీ. 2019లో మనువేలా బిస్కెట్టి బృందం 48 క్వేజార్ల ఆల్మా (చిలీలోని రేడియో టెలిస్కోప్) డేటా కలిపితే వెడల్పాటి రెక్కలు కనిపించాయి, ఏడాదికి వంద సూర్యుళ్ల స్థాయిలో. 2020లో మ్లాడెన్ నోవాక్ బృందం రెడ్‌షిఫ్ట్ 6 చుట్టుపక్కల 27 క్వేజార్లని కలిపితే ప్రవాహం జాడ దొరకలేదు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. మీ కంప్యూటర్‌లో మీరే చేసి చూడొచ్చు. ఒక గాస్సియన్ (గంట ఆకారపు వక్రరేఖ) 250 కిలోమీటర్ల వెడల్పుతో, ఇంకొకటి 600తో గీయండి. రెండూ మచ్చలేని గాస్సియన్లు, ఎక్కడా రెక్కల్లేవు. కూడి, వచ్చిన ఆకారానికి ఒకే గాస్సియన్ పెట్టి చూడండి. అడుగున రెండు పక్కలా మిగులు కనబడుతుంది. సన్నవి శిఖరాన్ని, వెడల్పువి అడుగుని తయారు చేశాయి, ప్రవాహం ఎక్కడా లేదు. కాబట్టి కలిపేముందు ఒక్కో గీత వెడల్పుని లెక్కలోకి ఎలా తీసుకున్నారు అన్నదే మొదట చూడాలి. పక్కనే సహచర గెలాక్సీ ఉండి, దాని కార్బన్ గీత కొన్ని వందల కిలోమీటర్లు జరిగి కనబడినా అదీ రెక్కలాగే కలిసిపోతుంది. తొలినాటి క్వేజార్ల చుట్టూ అలాంటి పొరుగువాళ్లు తక్కువేమీ కాదు.

రెక్కలు చూపించిన ఒంటరి కేసులు కూడా ఉన్నాయి. 2021లో తకుమా ఇజుమి బృందం రెడ్‌షిఫ్ట్ 7.07 దగ్గర జే1243+0100లో దాదాపు 1,000 కిలోమీటర్ల వెడల్పు రెక్క చూపించింది. ఏడాదికి కనీసం 447 సూర్యుళ్లు అని అంచనా. నేను దాన్ని తేలిగ్గా తీసుకోను.

ఇక ఆ అంకె సంగతి. సూత్రం ఒక్క వరుసే: బయటికి పోతున్న వాయువు బరువు × వేగం ÷ దూరం. లెక్క తేలిగ్గా పట్టుకోవడానికి ఒకటి గుర్తుపెట్టుకోండి. సెకనుకి 1,000 కిలోమీటర్లు అంటే పది లక్షల ఏళ్లకి దాదాపు ఒక కిలోపార్సెక్. కాబట్టి 100 కోట్ల సూర్యుళ్ల వాయువు ఆ వేగంతో ఒక కిలోపార్సెక్ దాకా వచ్చిందంటే, 100 కోట్లని 10 లక్షలతో భాగించాలి. ఏడాదికి 1,000 సూర్యుళ్లు.

అదే వాయువు 5 కిలోపార్సెక్‌ల దాకా పరుచుకుందంటే 200కి పడిపోయింది. వాయువు పల్చటి పెంకులా ఉందనుకోకుండా గోళమంతా సమంగా నిండి ఉందనుకుంటే అంకె మూడు రెట్లయింది. వేగం దగ్గర రెక్క సగటు తీసుకున్నారా, చిట్టచివరి అంచు తీసుకున్నారా అన్నదానితో మళ్లీ రెండింతల తేడా. ఇక బరువు! కార్బన్ వెలుగు నుంచి వాయువు బరువుకి వెళ్లాలంటే ఉష్ణోగ్రత, సాంద్రత, కార్బన్ పాలు అన్నీ ఊహించుకోవాలి. పైగా ఈ గీత నుంచి కట్టేది ఎక్కువగా పరమాణు రూపంలో ఉన్న వాయువు బరువే. అణువులుగా ఉన్నదాని లెక్క వేరే. అందుకే ఎవరైనా "కనీసం ఇంత" అంటే దాని వెనక ఏ ఊహలు పెట్టారో వెతుక్కుని చదవండి. రెండు పేపర్ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చేముందు రెండింటినీ ఒకే సూత్రంలోకి మార్చండి. ఇది చెయ్యకుండా గీసిన గ్రాఫులు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎంతో కష్టపడి తీసిన డేటా వాటిల్లో వృథా అవుతుంది.

ధ్రువం

అయితే కార్బన్‌గీత గారూ, మీ లెక్కన గట్టి సాక్ష్యం ఏదీ లేనట్టేనా? 2022లో నేచర్‌లో బిస్కెట్టి బృందమే ఇంకో పేపర్ రాసింది. 30 క్వేజార్లలో దాదాపు సగానికి బలమైన గాలులు ఉన్నాయని, కొన్నింటి వేగం కాంతి వేగంలో 17 శాతం దాకా ఉందని. రెడ్‌షిఫ్ట్ 7.64 దగ్గరి జే0313-1806లో కూడా 20 శాతం వేగంతో గాలి ఉంది. అప్పటికి విశ్వం వయసు 67 కోట్ల ఏళ్లే, దాని బ్లాక్‌హోల్ 160 కోట్ల సూర్యుళ్ల బరువు. అది కూడా సందేహమేనా?

కార్బన్‌గీత

అవి సందేహం లేనివి. కానీ అవి గెలాక్సీ గాలులు కావు, క్వేజార్ గాలులు. అతినీలలోహిత వర్ణపటంలో క్వేజార్ వెలుగుకి ఎదురుగా వెడల్పాటి శోషణ లోయలు కనబడతాయి, అంటే బ్లాక్‌హోల్ దగ్గర నుంచి గాలి మన వైపే దూసుకొస్తోందన్నమాట. ఆ వాయువు కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉందో ఆ లోయ ఒక్కటే చెప్పదు. వేలాది పార్సెక్‌ల అవతల నక్షత్రాలు పుట్టే చల్లటి వాయువుని అది నెట్టిందా లేదా అన్నది వేరే కొలత. కాంతి వేగంలో 17 శాతం అనే మాటనీ, గెలాక్సీ ఖాళీ అవుతోంది అనే మాటనీ ఒకే స్లయిడ్ మీద ఒకే వాక్యంలో పెట్టకండి, సంధ్యాతార గారూ. వినేవాళ్లకి ఆ రెండూ ఒక్కటే అనిపిస్తుంది.

గెలాక్సీ స్థాయిలో గట్టి సాక్ష్యం కావాలంటే నేను చూపించేది జే2054-0005. రెడ్‌షిఫ్ట్ 6.04. 2024లో ద్రాగన్ సలాక్ బృందం ఆల్మాతో ఓహెచ్ అణువు 119 మైక్రాన్ల గీతని చూసింది. ఇక్కడ చూడాల్సింది వెలుగుని కాదు, చీకటిని. గెలాక్సీలోని ధూళి వెనక నుంచి వెలుగుతుంటుంది, దాని ముందున్న ఓహెచ్ ఆ వెలుగులో కొంత మింగేస్తుంది. మింగిన చోటు నీలం వైపు జరిగి ఉంటే, ఆ వాయువు ధూళికీ మనకీ మధ్యనే ఉంది, మన వైపే వస్తోంది. అంటే గెలాక్సీ నుంచి బయటికి వస్తోంది. లోపలికి పడుతుంటే ఎరుపు వైపు జరిగేది. కార్బన్ రెక్కల్లో ఈ దిశ తెలియదు. నీలం వైపు రెక్క మన వైపు ఉన్న వాయువుదా, అవతల నుంచి లోపలికి పడుతున్నదా చెప్పలేం. పొరుగు గెలాక్సీ అనే అనుమానం కూడా ఓహెచ్ దగ్గర దాదాపు పోతుంది, ఎందుకంటే శోషణ కనబడాలంటే అది సరిగ్గా ధూళికి ముందే ఉండాలి.

అంతమాత్రాన అది తేలికైన గీత అనుకోకండి. 119 మైక్రాన్ల దగ్గర ఉన్నది నిజానికి జంట గీత, రెంటి మధ్య ఎడం సుమారు 520 కిలోమీటర్లు. ప్రవాహం వేగాలు కూడా అదే స్థాయిలో ఉంటాయి కాబట్టి రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫిట్ చేసేటప్పుడు జంటని జంటగానే పెట్టి విడదీయాలి. జే2054లో అలా చేశాక సగటు వేగం సెకనుకి సుమారు 670 కిలోమీటర్లు, చివరి అంచు 1,500 వచ్చింది. లోయ పక్కనే గెలాక్సీ సొంత వేగం దగ్గర కొంచెం ఉద్గారం కూడా ఉంది. ఈ రెండూ కలిసిన ఆకారాన్ని పీ సిగ్నై ప్రొఫైల్ అంటారు, నక్షత్రాల గాలుల్లో మీరు చదివే ఉంటారు. ప్రవాహం మధ్యలోని 2 కిలోపార్సెక్‌ల మేర ఉంది. ఏడాదికి 1,500 సూర్యుళ్లు. ఆ గెలాక్సీలో నక్షత్రాలుగా మారుతున్న వాయువుకి ఇది దాదాపు రెట్టింపు. ఇలాగే సాగితే కోటి ఏళ్ల స్థాయిలో ముడిసరుకు అయిపోతుంది.

వేకువ

రేడియో వాళ్ల మధ్య దూరుతున్నాను, నేను ఇన్‌ఫ్రారెడ్ వైపు. జేమ్స్ వెబ్‌ని వదిలేశారు మీరంతా!

రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల గీత రెడ్‌షిఫ్ట్ 6.8 దగ్గర 3.9 మైక్రాన్లకి వస్తుంది. భూమి మీద నుంచి దాన్ని ఇంత సున్నితంగా చూడటం కుదరదు, వెబ్‌లోని నిర్‌స్పెక్ అనే వర్ణపట పరికరం చూస్తుంది. 2023లో మడెలిన్ మార్షల్ బృందం రెడ్‌షిఫ్ట్ 6.82, 6.86 దగ్గర రెండు క్వేజార్లని ఇలా చూసింది. ఒక్కో పిక్సెల్‌కీ ఒక్కో వర్ణపటం వస్తుంది కాబట్టి ఏ వాయువు ఎక్కడ ఎంత వేగంతో ఉందో మ్యాప్ గీయొచ్చు.

ఇబ్బంది ఏంటంటే క్వేజార్ వెలుగు మొత్తం చిత్రాన్ని కమ్మేస్తుంది. దాన్ని తీసే పద్ధతి నాకు చాలా ఇష్టం. బ్లాక్‌హోల్‌ని ఆనుకుని గిరగిరా తిరిగే వాయువు నుంచి వేల కిలోమీటర్ల వెడల్పున్న హైడ్రోజన్ బీటా గీత వస్తుంది. ఆ ప్రాంతం ఎంత చిన్నదంటే ఇంత దూరం నుంచి వెబ్‌కి చుక్కే. కాబట్టి ఆ వెడల్పాటి గీత చిత్రంలో ఎక్కడెక్కడ ఎంత కనబడుతోందో చూస్తే, టెలిస్కోప్ ఒక చుక్కని ఎలా చెదరగొడుతుందో అదే డేటా నుంచి తెలిసిపోతుంది. ఆ ఆకారాన్ని తీసేస్తే మిగిలేది గెలాక్సీ, దాని చుట్టుపక్కల వాయువు. అలా తీశాక ఆ రెండింట్లోనూ ప్రవాహాలు కనిపించాయి, పక్కన కలిసిపోతున్న సహచర గెలాక్సీల జాడలూ కనిపించాయి.

అయితే ఇది వేడెక్కి అయనీకరణమైన వాయువు. వెలుగు ఎక్కువ, బరువు తక్కువ. దీన్ని చూసి గెలాక్సీ మొత్తం ఖాళీ అవుతోందనడానికి లేదు. చల్లటి వాయువు సంగతి కార్బన్‌గీత గారి ఆల్మానే చెప్పాలి. ఒకే క్వేజార్‌ని రెండు రకాలుగానూ చూడటం ఇప్పుడు జరగాల్సిన పని.

సంధ్యాతార

వేకువ గారూ, ఆ హైడ్రోజన్ బీటా విషయం అద్భుతంగా ఉంది, ఒక స్లయిడ్ దానికే ఇస్తాను.

చివరిగా ఒకటి. జే2054ని చూపించి "తొలినాటి గెలాక్సీల్లో నక్షత్రాలు పుట్టడం ఆగిపోయింది క్వేజార్ల వల్లే" అని ముగించొచ్చా?

కార్బన్‌గీత

వద్దు. "ఆగిపోయింది" అనడానికి మన ముందున్నవి ఆగిపోయిన గెలాక్సీలు కావు. రెడ్‌షిఫ్ట్ 6 దగ్గర ఇలాంటి గెలాక్సీలు చాలావరకు ఏడాదికి వందల సూర్యుళ్ల చొప్పున, కొన్నయితే వేయికి పైగా నక్షత్రాలని పుట్టిస్తూనే ఉన్నాయి. కోటి ఏళ్ల లెక్క కూడా ప్రవాహం ఇదే జోరుతో సాగుతుందనీ, బయటి నుంచి కొత్త వాయువు వచ్చి పడదనీ అనుకుంటేనే. క్వేజార్లు ఎప్పుడూ ఒకే జోరులో వెలగవు, ఆ గెలాక్సీలు ఉండే చోట్ల బయటి నుంచి వాయువు బాగానే వచ్చి పడుతుంటుంది. పోయిన వాయువంతా తిరిగి రాదనీ కాదు. గెలాక్సీ గురుత్వాకర్షణని దాటే వేగం ఉన్నది మాత్రమే బయటపడుతుంది, మిగతాది పైకి లేచి మళ్లీ పడుతుంది. జే2054లో సగం దాకా తప్పించుకుపోవచ్చని సలాక్ బృందం అంచనా, అదీ గరిష్ఠంగా.

రెండోది, నెట్టింది ఎవరు? అన్ని వందల నక్షత్రాలు పుట్టే చోట సూపర్‌నోవాలు కూడా గాలిని తోస్తాయి. ప్రవాహం రేటు గెలాక్సీ పరారుణ వెలుగుతో పాటు పెరుగుతున్నట్టు కనబడుతోంది, కానీ ఆ వెలుగులో నక్షత్రాల వాటా ఎంత, క్వేజార్ వాటా ఎంత అన్నదే తగువు. 1,500 కిలోమీటర్ల వేగం చూస్తే నాకు క్వేజార్ చెయ్యి ఉందనే అనిపిస్తుంది. కానీ అది నా అభిప్రాయం, మీ స్లయిడ్ మీద ఫలితంగా రాయకండి.

ఆగిపోయిన గెలాక్సీ కావాలంటే కొంచెం తర్వాతి కాలానికి రండి. రెడ్‌షిఫ్ట్ 3.06 దగ్గర జీఎస్-10578ని వెబ్ చూసింది, 2024లో ఫ్రాంచెస్కో దెయూజెనియో బృందం పేపర్ వచ్చింది. అక్కడ నక్షత్రాల పుట్టుక దాదాపు ఆగింది, మధ్యలో బ్లాక్‌హోల్ చురుగ్గా ఉంది. వేకువ గారు చెప్పిన వేడి వాయువు కాక, వెలుగివ్వని తటస్థ వాయువు వెనక నుంచి వచ్చే నక్షత్రాల వెలుగుని మింగుతూ బయటికి పోతోంది. ఓహెచ్ దగ్గర చెప్పిన తర్కమే, నీలం వైపు జరిగిన శోషణ. పోతున్న వాయువు, కొత్తగా నక్షత్రాలుగా మారుతున్నదాని కంటే ఎక్కువ. ఆ గెలాక్సీలో ప్రవాహానికీ ఆగిపోవడానికీ మధ్య సంబంధం గట్టిగా కనబడుతుంది. రెడ్‌షిఫ్ట్ 6 క్వేజార్లు పెరిగి అలాంటివి అయ్యాయా అన్నది తెరిచి ఉన్న ప్రశ్న, అలాగే చెప్పండి.

మీ సెమినార్ వరుస మాత్రం మార్చమంటాను. జే1148తో మొదలుపెడితే వినేవాళ్లు మొదటి పది నిమిషాలూ సందేహంలోనే ఉంటారు. జే2054 ఓహెచ్ గ్రాఫ్ మొదటి స్లయిడ్‌గా పెట్టి, నీలం వైపు లోయ చూపించి, ప్రవాహాలు ఉన్నాయని ముందు స్థిరపరచండి. తర్వాత జే1148 తీసుకుని రెండు పట్టీలూ, 3.6 గిగాహెర్ట్జ్‌దీ 15 గిగాహెర్ట్జ్‌దీ, ఒకే స్కేల్ మీద ఒకదాని కింద ఒకటి గీయండి. "ఏది నిజం?" అని ఎవరైనా అడిగితే ఆ బొమ్మ దగ్గరికి వెళ్లి నేల మట్టం కొలిచిన చానెళ్లు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించండి.